జాలరిపేటకి డ్రిప్పు ఎక్కిస్తారట

విశాఖలో డ్రిప్పు అంటే నాకు తెలిసినవి రెండే. కేజీహెచ్‌లో మంచం పక్కన వేలాడే సెలైన్ సీసా ఒకటి, అనకాపల్లి వైపు తోటల్లో మొక్క మొదట్లో బొట్టుబొట్టుగా నీళ్ళొదిలే గొట్టం ఇంకొకటి. ఈ వేసవిలో మూడోది దిగింది. బీచ్ రోడ్డులో ఒక హోటల్ హాలు అద్దెకి తీసుకుని, టై కట్టుకున్న కుర్రాడొకడు జాలరిపేట యువతకి ప్రత్యేకంగా వివరించాడు. దాని పూర్తి పేరు డివిడెండ్ రీఇన్వెస్ట్‌మెంట్ ప్లాన్. ముద్దుపేరు డ్రిప్.

ముహూర్తం మాత్రం బాగా చూసుకున్నాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. బోట్లన్నీ హార్బర్లో కట్టేసి ఉంటాయి. మనుషులు ఖాళీ. ఒకప్పుడు 10 వేలుండి, 2025లో 20 వేలైన మత్స్యకార భృతి ఖాతాల్లో పడే రోజులు కూడా అవే. జాలరికే వల వెయ్యాలనుకున్నవాడు నీళ్ళ లోతు చూసుకోకుండా ఎందుకు దిగుతాడు?

కుర్రాడు చెప్పిన కథ చిన్నది. షేరు కొను. అది డివిడెండు పెడుతుంది. దాన్ని తినకు, దాంతో ఇంకో షేరు కొను. అదీ పెడుతుంది. నువ్వు పడుకున్నా నీ డబ్బు పడుకోదు. ఆ పైన తెర మీద గీత ఒకటి చూపించాడు. ముప్ఫై ఏళ్ళలో అది యారాడ కొండలా లేచింది. యారాడ కొండకి సముద్రంలోకి దిగిపోయే వైపు కూడా ఒకటుంది. అది స్లైడులో పట్టినట్టు లేదు.

అసలీ డ్రిప్పు అమెరికా సరుకు. అక్కడ ఏ కోకాకోలా షేరో ఉన్నవాడు సరేనంటే, డివిడెండు అతని చేతికి రాదు. కంపెనీ పెట్టుకున్న రిజిస్ట్రారే ఆ డబ్బుతో మళ్ళీ షేరు కొని ఖాతాలో వేస్తాడు. పూర్తి షేరుకి చాలకపోతే షేరులో ముక్క వేస్తాడు, దశాంశాల లెక్కన. కొన్ని కంపెనీలు ధరలో కాస్త తగ్గింపు కూడా ఇస్తాయి. బాగానే ఉంది. మన దేశంలోనో? 2013 కంపెనీల చట్టం 123వ సెక్షన్ డివిడెండుని నగదుగానే ఇమ్మంటుంది. షేరులో ముక్క మన మార్కెట్లో అమ్మరు. బోనసు ఇచ్చేటప్పుడు అరా పావూ తేలినా, వాటిని పోగేసి అమ్మి ఎవరి డబ్బు వాళ్ళకిచ్చేస్తారు. అంటే హోటల్ హాల్లో మావాళ్ళకి ఎక్కించిన సెలైన్ సీసాలో సెలైన్ లేదు.

"మనమే చేతులారా చేసుకోవచ్చు సార్" అన్నాడు కుర్రాడు, నేను లేచి అడిగితే. చేసుకుందాం. నా దగ్గర ఐటీసీ షేర్లు పది ఉన్నాయి. 2024-25కి ఆ కంపెనీ షేరుకి 14 రూపాయల 35 పైసల డివిడెండు ఇచ్చింది. నా వాటా 143 రూపాయల 50 పైసలు. షేరు ధర అప్పటికి 400 పైమాటే. ధర కదలకుండా, డివిడెండు తగ్గకుండా, నేను కక్కుర్తి పడకుండా మూడేళ్ళాగితే ఒక్క షేరు. పది పదకొండు అవుతుంది. దీన్నే ఆ హాల్లో సంపద సృష్టి అన్నారు, చప్పట్లు కూడా పడ్డాయి.

మన ఊరి కంపెనీలే కొనుక్కుందామని స్థానికాభిమానం పొంగింది నాకు. మల్కాపురం పక్కనే హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీ. దాని వాసన ఎన్నో ఏళ్ళుగా ఉచితంగా పీలుస్తున్నాం, డివిడెండు కూడా తీసుకుందామంటే 2022-23లో కంపెనీకి నష్టమొచ్చింది, ఆ ఏడాదికి డివిడెండు లేదు. వేట నిషేధానికి తేదీలుంటాయి, దీనికి అవి కూడా లేవు. పోనీ స్టీలు ప్లాంటు? అది మార్కెట్లోకి రానే లేదు. 2012లో పబ్లిక్ ఇష్యూ తెస్తామని వాయిదా వేశారు. 2021 జనవరి 27న నూటికి నూరుపాళ్ళూ అమ్మేద్దామని కేంద్ర కేబినెట్ కమిటీ తీర్మానించింది. ఆ ఉక్కు కోసం 32 మంది ప్రాణాలు పెట్టారు. ఆ పెట్టుబడికి డివిడెండేదని అడగడానికి మనల్ని రానిచ్చే వాటాదారుల మీటింగంటూ ఏదీ లేదు.

ఇక హిందుస్థాన్ జింక్. మిందిలో దాని ఫ్యాక్టరీ ఒకటుండేది, మూతపడింది. కంపెనీ మాత్రం డివిడెండు వేటగాళ్ళకి దేవుడు. 2022-23లో లాభం సుమారు 10,500 కోట్లు. పంచింది షేరుకి 75 రూపాయల 50 పైసల చొప్పున, మొత్తం 31 వేల కోట్ల పైచిలుకు. సంపాదించినదానికి మూడింతలు ఎక్కడి నుంచి వచ్చింది? కూడబెట్టిన నిల్వల్లోంచి. అందులో పెద్ద వాటా ప్రమోటరుకీ ప్రభుత్వానికీ వెళ్ళింది, ఎందుకంటే పెద్ద వాటాదారులు వాళ్ళే. చిన్న మదుపరి మాత్రం "అబ్బ, ఎంత డివిడెండో" అని మురిసిపోయాడు.

మా హార్బర్లో ఈ లెక్క ఎవరికైనా కొత్తా? బోటు వేట నుంచి వచ్చాక ముందు డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీస్తారు. మిగిలింది వాటాలేస్తారు: బోటుకింత, వలకింత, మనిషికింత. చేప పడకపోతే వాటా లేదు. బోటు చెక్కలు ఊడదీసి పంచుకుని దాన్ని వాటా అనే మనిషి ఈ ఒడ్డున ఇంకా పుట్టలేదు. పుడితే బహుశా టై కట్టుకుని పుడతాడు.

కుర్రాడి దగ్గర ఇంకో పొట్లం ఉంది, మ్యూచువల్ ఫండ్లది. అందులో రీఇన్వెస్ట్‌మెంటు చట్టబద్ధంగానే ఉంది. కాకపోతే "డివిడెండ్" అన్న పేరు మార్చమని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2020 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది, 2021 ఏప్రిల్ 1 నుంచి పేరు మారింది. ఇప్పుడది "ఇన్‌కమ్ డిస్ట్రిబ్యూషన్ కమ్ క్యాపిటల్ విత్‌డ్రాయల్". తెలుగులో చెప్పాలంటే నీ సొమ్ములోంచే తీసి నీకిస్తున్నాం అని. పేరులోనే నేరం ఒప్పుకున్న పథకం నాకు తెలిసి ఇదొక్కటే. కుర్రాడు మాత్రం పాత పేరుతోనే అమ్ముతున్నాడు. కొత్త పేరు పలకడానికి అతనికి నోరు తిరగలేదో, మనసొప్పలేదో.

మా వీధికి చేపలు తెచ్చే అప్పకి ఇది వివరించాను. ఆమె వంజరం కోస్తోంది, నేను గుమ్మంలో నిలబడ్డాను. "ఫండులో నీకు వెయ్యి యూనిట్లున్నాయనుకో అప్పా. ఒక్కోటి 20 రూపాయలు, మొత్తం 20 వేలు. యూనిట్‌కి 2 రూపాయలు డివిడెండు అన్నారు. ధర 18కి దిగింది. నీకు రావాల్సిన 2 వేలతో 18 చొప్పున 111 యూనిట్లు మళ్ళీ కొన్నారు. ఇప్పుడు నీ యూనిట్లు 1,111."

"మొత్తం ఎంతయింది బావూ?"

"20 వేలు."

ఆమె కత్తి ఆపి నా మొహంలోకి చూసింది. "ముక్కలు పెరిగినాయి గానీ సేప పెరగనేదు కదేటి."

ఇంకా నయం, అసలు సంగతి చెప్పలేదు. చేతికి రాని ఆ 2 వేలూ నీ ఆదాయమే అంటుంది ఆదాయపు పన్ను శాఖ. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండు మీద పన్ను మదుపరి నెత్తినే పడింది, శ్లాబు ప్రకారం కట్టాలి. మళ్ళీ కొన్న యూనిట్లకి స్టాంపు డ్యూటీ వేరే, అది పైసల్లోనే అనుకోండి. పక్కనే "గ్రోత్" అని ఇంకో ఆప్షన్ ఉంటుంది. అందులో ఏదీ బయటికి తీయరు, మళ్ళీ లోపల పెట్టరు. అమ్ముకున్న రోజున లాభం మీద పన్ను, అంతే. తినని ముక్కని పళ్ళెంలో పెట్టి, పన్ను కట్టి, తిరిగి గిన్నెలో వేసుకునే కన్నా అసలు గిన్నె మూతే తియ్యకపోతే పోలా? ఈ ఒక్క మాట హాల్లో చెప్పుంటే సెమినారు పది నిమిషాల్లో అయిపోయేది. టీ, సమోసా దండగయ్యేవి.

షేర్లలో డివిడెండుని మళ్ళీ మదుపు పెట్టడం చెడ్డపనని నేననను. లక్షలు పెట్టి, పాతికేళ్ళు ఆ డబ్బు ముట్టుకోనక్కర్లేని జీతగాడికి అది బాగానే పనిచేస్తుంది. తెర మీది గీత అబద్ధం కాదు. కాని ఆ గీత గీసినవాడికి ఏడాదికి 61 రోజులు ఆదాయం ఆగిపోదు. 2023 నవంబరు 19 రాత్రి మా ఫిషింగ్ హార్బర్లో మంటలు లేచి నలభైకి పైచిలుకు బోట్లు కాలిపోయాయి. బోటే ఆస్తి అయినవాడికి మర్నాడు కావలసింది చేతిలో రొక్కం. పదకొండో షేరు కాదు.

ఈ డివిడెండు వ్యవహారంలో నాకు బాగా నచ్చిన భాగం ఒకటుంది, అది కుర్రాడు చెప్పలేదు. డివిడెండుని ఏడేళ్ళు ఎవరూ అడగకపోతే అది కేంద్ర ప్రభుత్వపు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండుకి వెళ్ళిపోతుంది. వరసగా ఏడేళ్ళు అడగకపోతే షేర్లు కూడా వెళతాయి. బ్యాంకు ఖాతా మారినా, తండ్రి పోయి కాగితాలు అటక మీద ఉండిపోయినా అంతే. ఎవరూ వేలు కదపకుండా దానంతటదే జరిగిపోయే రీఇన్వెస్ట్‌మెంట్ మన షేర్లలో అదొక్కటే. మీ నాన్నగారి పాత షేర్ల కాగితాలుంటే ఈ ఆదివారమే అటకెక్కి చూడండి. ఆ ఫండు (ఐఈపీఎఫ్) వెబ్‌సైట్లో పేరు వెతుక్కోవచ్చు, అక్కడికెళ్ళిన సొమ్ముని వెనక్కి అడగనూ వచ్చు.

నా 143 రూపాయల 50 పైసలూ మాత్రం మళ్ళీ పెట్టుబడి పెట్టేశాను, కానాగడతల పులుసులో. జూన్ 15న వేట మళ్ళీ మొదలవుతుంది. బోట్లు తిరిగొచ్చే రోజున హార్బరుకి రావాలనుకుంటే తెల్లారగట్ల రండి. సెమినారు పదింటికి గాని మొదలవదు.