ఉస్తాదు చీటీకి ‘గ్రీజు సంజీవని’ అను వ్యాఖ్య

మూలము

మార్కు టూ వీల్ సిలిండర్, డైవర్ సైడు.
పిస్టన్ సెట్టు, ఇరవై సైజు.
గ్రిల్లు దొరుకుతె ఒరిజినల్, లేకుంటె ఉన్నది.
పాత ముక్క ఎంబడి తీస్కపోండ్రి.

అవతారిక

జగిత్యాలలో ఒకానొక ఉస్తాదు సిగరెట్టు పెట్టె లోపలి అట్టమీద రాసి కోరుట్ల ఆసామి చేతిలో పెట్టిన నాలుగు పాదాలివి. కథావస్తువు ఒక అంబాసిడర్ కారు. కర్త ఉస్తాదు, కర్మ యజమానిది. మెదక్ జిల్లా కొల్చారం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేని మాట, అక్కరలేని మాట తన కలంనుంచి రావని నియమం పెట్టుకున్నాడు. మొదటి నియమాన్ని మేమూ పాటిస్తాం. రెండోది మా వల్ల కాదు.

ప్రథమ పాదము

ప్రతిపదార్థం: మార్కు టూ = 1962లో వెలువడిన రెండవ రూపమునకు చెందిన; వీల్ సిలిండర్ = బ్రేకు తొక్కగా ఆయిలు ఒత్తిడికి బ్రేకు షూలను డ్రమ్మువైపు నెట్టెడి చిన్న లోహపు గొట్టమును; డైవర్ సైడు = మన దేశమున కుడి వైపునది. ‘తెండి’ అని అధ్యాహారం. పైకం ఎవరు పెట్టాలో చెప్పలేదు గాని అది ధ్వని.

అంబాసిడర్లు అన్నీ ఒక్కటే గదా అని పూర్వపక్షం. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీసు అచ్చులో 1957లో దిగిన బండి, 2014 మే నెలలో బెంగాల్లోని ఉత్తరపారా కార్ఖానా ఆగిపోయేదాకా ఇంచుమించు అదే బొజ్జతో తిరిగింది కాబట్టి ఆ భ్రమ సహజమే. కాని 1975లో మార్కు త్రీ, 1979లో మార్కు ఫోర్, ఆపైన నోవా, ఇసుజు ఇంజనుది వచ్చాయి. గ్రంథం ఒకటే, పాఠాంతరాలు అనేకం. దుకాణదారుకు ‘అంబాసిడర్’ అని మాత్రమే చెప్పినవాడికి దొరికేది దుకాణదారు దగ్గర మిగిలిపోయిన పాఠం.

సిలిండర్ కొలత అంగుళాల్లో ఉంటుంది. ముప్పావు అంగుళమా, అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులా అన్నది చాలావాటి ఒంటిమీదే పోతపోసి ఉంటుంది, తుడిచి చూడాలి. పెట్టె విప్పని పాతకాలపు కొత్త సరుకు దొరికితే యజమాని పొంగిపోతాడు. పొంగవద్దు. లోహం నిలుస్తుంది గాని లోపలి రబ్బరు కప్పు పెట్టెలోనే ముసలిదై బిరుసెక్కుతుంది. గొట్టం ఆనాటిది వాడినా రబ్బరు ఈనాటిది వేయాలి. బ్రేకు విషయంలో రసికత పనికిరాదు.

ద్వితీయ పాదము

ఈ చీటీలో ప్రౌఢమైన చోటు ఇదే. ఇరవై సైజు అంటే ఇరవై మిల్లీమీటర్లని అన్వయించుకున్న పండితులున్నారు. కాదు. అరిగిన ఇంజను సిలిండర్ను బోరు కొట్టించి వెడల్పు చేస్తే అందులోకి అంతే లావైన పిస్టన్ కావాలి. ఆ పెంపు అంగుళంలో వెయ్యో వంతుల్లో ఇరవై, అంటే అర మిల్లీమీటరు చిల్లర.

ఇక ముడి. మొదటి అంబాసిడర్లలో సైడ్ వాల్వు ఇంజను ఉండేది: 1476 సీసీ, బోరు 73.5 మిల్లీమీటర్లు. దాని తరువాత వచ్చిన 1489 సీసీ ఇంజనులో వాల్వులు పైకెక్కాయి, బోరు 73.025. ఈ రెండో ఇంజనుకు ఇరవై సైజు బోరు కొట్టిస్తే ఎంతవుతుంది? 73.53! అంటే బోరు కొట్టించిన కొత్త ఇంజను, అసలేమీ చేయించని పాత ఇంజను బోరులో వెంట్రుకవాసి తేడాకు వస్తాయి. దుకాణంలో వర్నియర్ పెట్టి ‘డెబ్బై మూడున్నర’ అనగానే సరిపోయిందని డబ్బులిచ్చేవాడు శ్లేషలో పడ్డట్టే. ఒకే కొలత, రెండు అర్థాలు. పిన్ను ఎత్తు, పిస్టన్ తల ఆకారం చూసిగాని నిర్ణయం చేయరాదు. అలంకారశాస్త్రంలో శ్లేష చమత్కారం, ఇంజనులో అయితే మళ్ళీ బోరు ఖర్చు.

ఇక్కడే ప్రక్షిప్తాల మాట. డీజిలు చౌకగా ఉన్న రోజుల్లో పెట్రోలు అంబాసిడర్ల గుండె తీసి మెటడార్ వ్యాను ఇంజను కూర్చిన ప్రతులు ఊరూరా తిరిగాయి. అటువంటి ప్రతికి ఈ పాదం వర్తించదు. పైగా యాభై ఏళ్ళు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరిచ్చే 2021 నాటి కేంద్ర నిబంధన, చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పు లేకుండా ఉండాలంటుంది. కొత్త రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, పదేళ్ళ గడువు. మెటడార్ గుండెతో ఆ వరస ఎక్కడం కష్టం.

తృతీయ పాదము

వేదాంతం. ‘లేకుంటె ఉన్నది’ అనడంతో ఉస్తాదు అద్వైతి అని తేలుతోంది. యజమాని మాత్రం ఒరిజినల్ ఒక్కటే సత్యమని నమ్మే ద్వైతి. మార్కు టూ గ్రిల్లుకు చిన్న చిన్న గళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. కార్ఖానా బెంగాల్లో ఉండేది కాబట్టి కలకత్తా మల్లిక్ బజారు దీనికి పుణ్యక్షేత్రం. దగ్గరలో కావాలంటే హైదరాబాదు పుత్లీబౌలి, కాకుంటే విజయవాడ ఆటోనగర్, మద్రాసు పుదుపేట. కోరుట్లవారికి దుబాయి ఇంటి గడప, కలకత్తా మాత్రం పరదేశం. ఏం చేస్తాం.

చతుర్థ పాదము

మహావాక్యం. పాత ముక్కే ప్రమాణం. ఫోటో అనుమానం, జ్ఞాపకం అప్రమాణం. ఎక్కడా దొరకని బుష్షో పిన్నో అయితే పాత ముక్కతో సిరిసిల్లకు పోవాలి. సాంచాల, అంటే మరమగ్గాల, ఊరు గనుక అక్కడ లేతు పనికి చేయి తిరిగినవాళ్ళుంటారు, బేరింగులూ దొరుకుతాయి. 6205 అని చెక్కి ఉన్న బేరింగు సాంచాకైనా కారుకైనా ఒక్కటే: లోపల 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు.

బోల్టుల దగ్గర మాత్రం అంత సమదృష్టి వద్దు. ఈ బండివి ఎక్కువగా అంగుళాల మరలు. 5/16 అంగుళాల బోల్టు 7.94 మిల్లీమీటర్లు, ఇవాళ్టి ఎనిమిది నంబరు బోల్టు దాని తోబుట్టువులాగే కనిపిస్తుంది. కాని అంగుళానికి 5/16 బోల్టుకు 24 మరలు, ఎనిమిది నంబరుకు ఇరవై చిల్లర. ఒక చుట్టు లోపలికి పోతుంది, రెండో చుట్టుకు బిగుసుకుంటుంది. అక్కడ బలంకొద్దీ పానా తిప్పినవాడికి ఏ వ్యాఖ్యాతా సాయం చేయలేడు.

ఇతి గ్రీజు సంజీవనీ. మూడో పాదం ఇంకా తీరలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో ఎవరి దొడ్లోనైనా మార్కు టూ గ్రిల్లు పడివుంటే దయచేసి పాత ఇనుపసామాను వాడికి తూకానికి వేయకండి.