పదికి పది నొప్పి

ఇళ్లకు వెళ్లే మా ఫిజియోథెరపిస్టులు నా కింద పనిచేస్తారని కంపెనీ కాగితాల్లో ఉంటుంది. నిజానికి వాళ్లు హైదరాబాదులోని అత్తగార్ల కింద పనిచేస్తారు. నేను కూకట్‌పల్లిలో మా డైనింగ్ టేబుల్ ముందు కూర్చుని, ఎవరు ఎవరింట్లో చిక్కుకున్నారో ఫోన్లో చూస్తుంటానంతే.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పావుగంటకో, గంటకో, 8 గంటలకో పెట్టుకోవచ్చు. 8 గంటలకు పెట్టమని నా ఆర్డరు. మా పిల్లలు గంటకే పెడతారు. "ఛార్జింగ్ ఉండట్లేదు మేడమ్" అంటారు. అదే ఫోన్లో ఐపీఎల్ ఆఖరి ఓవరు దాకా ఛార్జింగ్ ఎలా ఉంటుందని నేను అడగను. మేనేజరన్నాక కొన్ని అడక్కూడదు.

అసలు లొకేషన్ చూసి తెలిసేదేముంది? మనిషి దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నాడంటుంది. మోకాలు వంచుతున్నాడో, పెసరట్టు తింటున్నాడో చెప్పదు. మోకాలి ఆపరేషనైన మర్నాడే ఆసుపత్రిలో వాకరు పట్టించి నడిపిస్తారు, బాగానే ఉంది. కానీ కుర్చీలో కుదురుగా కూర్చోవాలంటే మోకాలు 90 డిగ్రీలన్నా వంగాలి. ఆ వంపు రాబట్టడానికి వారాల తరబడి తిరిగేది ఈ కుర్రాళ్లే. వెళ్లగానే గోనియోమీటరు తీసి మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో కొలవాలని మా రూలు. ముందు కాఫీ తాగాలన్నది ఆ ఇంటి రూలు. ఈలోగా కోడలి మెడ, కొడుకు నడుము, వాచ్‌మన్ భుజం వరసకడతాయి. బిల్లు మాత్రం మోకాలికే.

మర్యాదలంటారా, నాలుగున్నరేళ్లు బీపీటీ చదివొచ్చిన పిల్లని గుమ్మంలో చూసి "మాలీషు అమ్మాయి వచ్చిందే" అని లోపలికి కేకేస్తారు. ఆ నోటితోనే కాసేపటికి "డాక్టరమ్మా, ఈ బీపీ మాత్ర పొద్దున వేసుకోవాలా, రాత్రా?" అని సలహా అడుగుతారు.

మొన్నొక రిపోర్టు చూసి హడలిపోయాను. కిందటివారం నాలుగున్న నొప్పి ఒక్కసారిగా పదికెక్కింది. కుర్రాడికి ఫోన్ చేస్తే, "మీరే అడగండి మేడమ్" అని స్పీకరు పెట్టాడు.

"అమ్మా, నొప్పి పదికి ఎంతుంది?"

"పదికి పదీ వేసుకోమ్మా. పాపం, అబ్బాయి చాలా కష్టపడుతున్నాడు."

"మరి పోయినవారం నాలుగే అన్నారుగా?"

"ఆరోజు ఆలస్యంగా వచ్చాడు."

ఎక్సర్‌సైజుల సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ మూడుపూటలా చెయ్యమన్నవాటిని, థెరపిస్టు బైకు చప్పుడు వినగానే మొదలుపెడతారు. ఆ చప్పుడు గుర్తుపట్టడంలో మా పేషెంట్లకు ఏ లోపమూ లేదు.

అన్నిటికన్నా కష్టం కేసు మూసెయ్యడం. ఈసీఐఎల్ దగ్గర ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారున్నారు. ఆయన మెట్లెక్కి మేడ మీద మొక్కలకు నీళ్లు పోస్తున్నారని కోడలు చెబుతుంది. గోనియోమీటరు తియ్యగానే ఆ మోకాలే 85 దగ్గర బిగుసుకుపోతుంది. కొలత అయ్యాక చదరంగం బల్ల బయటికొస్తుంది. మా కుర్రాడు రోజూ ఓడిపోయి వస్తాడు. ఇక విజిట్లు అక్కర్లేదని చెబుదామని నేనే ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"సరేనమ్మా, కుడికాలి సంగతి అయిపోయిందంటావు. ఎడమది కూడా చేయించుకుందామనుకుంటున్నాను. ఆ కుర్రాడు ఖాళీయేనా? వాడైతేనే డాక్టరుకు డేటిస్తాను."