బాబాయి బిగించిన పెట్టె

కంపెనీ కంప్యూటర్ కొనుక్కున్నవాణ్ణి మా బాబాయి అద్దింట్లో ఉన్నవాణ్ణి చూసినట్టు చూస్తాడు. తనది సొంతిల్లు మరి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ఓ 8 జీబీ ర్యామ్ సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి బేరమాడి తెచ్చాడు. క్యాబినెట్ విజయవాడది, ఎస్‌ఎంపీఎస్ ఏలూరుది. స్క్రూలు మాత్రం అచ్చంగా దెందులూరువి. పక్క తలుపు గాజుది. ఇంటికొచ్చినవాళ్లకి మంచినీళ్లకంటే ముందు అదే చూపిస్తాడు. ఇలాంటివాళ్లు ఊరికొకరు ఉంటారు. తాడేపల్లిగూడెంలో ఇంకో ఇద్దరు నాకు తెలుసు, ఆ ఇద్దరికీ ఒకళ్లంటే ఒకళ్లకి పడదు.

ఆర్నెల్లు పెట్టె చక్కగా నడిచింది. చేపల చెరువు లెక్కలన్నీ అందులోనే. శీలావతి ఎంత, బొచ్చె ఎంత, మేత ఎంత. అంతలో గృహప్రవేశం వచ్చింది. బట్టలు పెట్టాల్సిన పిన్ని తమ్ముడు హైదరాబాదు నుంచి రంగురంగుల లైట్లు వెలిగే 8 జీబీ ర్యామ్ పట్టుకొచ్చి పళ్లెంలో పెట్టాడు. "ఉన్నదానికి జోడీ బావగారూ" అన్నాడు. పిన్ని దానికి బొట్టు కూడా పెట్టింది. వారం తిరక్కుండా తెర నీలం రంగుకి తిరిగింది.

నీలితెర మీద 'మెమరీ మేనేజ్‌మెంట్' అని రాసి ఉంది. నేను చదివి వినిపించాను.

"అది అలాగే అంటుందిలే" అన్నాడు బాబాయి.

మొదట తప్పు విండోస్‌ది. మూడుసార్లు ఫార్మాట్ కొట్టాడు. తరవాత తప్పు కరెంటుది. "చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒక్కసారే వేస్తార్రా, వోల్టేజీ ఏమైపోవాలి?" అని యూపీఎస్ కొన్నాడు. ఆపైన ఎర్తింగ్‌ది. పెరట్లో గుంట తవ్వించి కళ్లుప్పూ బొగ్గులూ కూరి, పదిహేను రోజులు బిందెలతో నీళ్లు పోయించాడు. పక్కనున్న కరివేపాకు చెట్టు ఎండిపోయింది గానీ నీలితెర ఎండలేదు. ఆనక వాస్తు. కరెంటుతో నడిచే వస్తువు కాబట్టి ఆగ్నేయంలో ఉండాలన్నాడు. ఆగ్నేయంలో ఉన్నది పిన్ని వంటగది. తొమ్మిది రోజులపాటు ప్రాసెసర్‌కి పోపు వాసన తగిలింది. పదో రోజు పిన్నే దాన్ని హాల్లోకి గెంటింది.

ఒక్కసారి మాత్రం సరైన దారిలోకి వచ్చాడు. ర్యాములు రెండూ ఊడదీసి, బంగారు పూత ఉన్న అంచుల్ని స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దాడు. ఒక్కోదానికి 288 కాంటాక్టులు. పక్కనే కొల్లేరు, గాలిలో చెమ్మకి తక్కువేం లేదు, అంచుల మీద మకిలి పట్టడం మామూలే. ఈ వైద్యాన్ని నేనూ ఒప్పుకుంటాను. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో ఒకటీ నాలుగో స్లాటులో ఒకటీ పెట్టాడు, అదీ సరైనదే. రెండు రోజులు నడిచింది. మూడోనాడు వీధి వీధంతా పిలిచి చూపించబోతే నీలం.

ర్యామ్ సంగతి కొంచెం చెప్పాలి. అందులో ఒక్కో బిట్టూ పిసరంత విద్యుత్తు. ఆ పిసరు చిల్లుకుండలో నీళ్లలా కారిపోతూ ఉంటుంది. అందుకని 64 మిల్లీసెకన్లలోపు ప్రతి బిట్టునూ చదివి మళ్లీ నింపుతూ ఉండాలి. మా బాబాయికి ఎవరైనా బాకీ పడితే ఇంత శ్రమ అక్కర్లేదు, 1998 నాటిది కూడా వడ్డీతో సహా గుర్తుంటుంది. ర్యామ్‌లో ఒక గది చెడిందంటే మాత్రం 0 పెడితే 1 ఇస్తుంది. కంప్యూటర్ అంకెలకిచ్చే కోడులో 3కీ 7కీ తేడా ఒక్క బిట్టే. ఆ నెల చెరువు లెక్కలో 36 బస్తాల తౌడు 76 అయి కూర్చుంది. ర్యామ్ చేసిన పనో, బాబాయి వేలు చేసిన పనో తేలలేదు గానీ, చెరువులో వాటాదారు మాత్రం పదిరోజులు గుమ్మం తొక్కలేదు.

ఆ టైములోనే నేను నోరుజారాను. 1978లో అమెరికాలో ఇంటెల్ శాస్త్రవేత్తలు, చిప్పు పైకప్పు పింగాణీలో ఉన్న కాస్త యురేనియం, థోరియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు బిట్లని తిరగేస్తున్నాయని పట్టుకున్నారని చెప్పాను. బాబాయి మొహం వెలిగిపోయింది. "చూశావా, ఎక్కణ్ణించో కణాలొస్తున్నాయి!" అని డాబా మీద రేకులు వేయించే లెక్క కట్టాడు. ఆల్ఫా కణానికి కాగితం ముక్క అడ్డంపెడితే చాలు బాబాయ్ అంటే వినడే.

పాత ర్యామ్ 3200 వేగానిది, కొత్తది 3600ది. బాబాయి బయాస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి రెంటినీ 3200లో తిప్పుతున్నాడు. వేర్వేరుచోట్ల కొన్నవి, జాతకాలు కలవలేదేమో, ఎక్స్‌ఎంపీ తీసేసి 2133కి దించి చూద్దామన్నాను.

"కలపర్రు టోల్‌గేటులో డబ్బులు కట్టించుకుని పొలం గట్టున పొమ్మంటావేరా?"

చివరికి ఓ శనివారం రాత్రి పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 ఎక్కించి తెచ్చాను. 1994లో క్రిస్ బ్రాడీ రాసిన ప్రోగ్రాం, విండోస్ లేకుండా నడుస్తుంది కాబట్టి నేరం విండోస్ మీదికి నెట్టే వీల్లేదు. ఒకే స్లాటు, ఒక్కసారికి ఒక్క ర్యామ్, ఎక్స్‌ఎంపీ బంద్. బాబాయి కొన్నది తెల్లవార్లూ నాలుగు పాసులు తిరిగింది. తప్పులు సున్నా. పొద్దున్నే కాఫీ తాగి బావమరిది ర్యామ్ పెట్టాం. పదకొండో నిమిషంలో ఎర్రగీతలు. గ్లాసు కిందపెట్టేసరికి తెర నిండిపోయింది.

పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. బాబాయి పిన్నిని చూశాడు, ఎర్రగీతల్ని చూశాడు.

"మెమ్‌టెస్టే తప్పురా" అన్నాడు.

పిన్ని లోపలికెళ్లాక నన్ను అరుగు మీదికి లాక్కెళ్లి గొంతు తగ్గించాడు. "గృహప్రవేశం రోజునే తెలుసు నాకు." వారంటీ ఉంటుంది, మార్పించుకోవచ్చు కదా అన్నాను. మార్పించాలంటే బిల్లు కావాలి. బిల్లు కావాలంటే బావమరిదిని అడగాలి. అడిగితే పెట్టుబడికి తెచ్చింది పనికిరాలేదని చెప్పినట్టవుతుంది, ధరెంతని ఆరా తీసినట్టూ అవుతుంది. అంతకంటే కరివేపాకు చెట్టు పోవడం నయం.

ఇప్పుడా పెట్టె ఒక్క ర్యామ్‌తో హాయిగా నడుస్తోంది. రెండోది బీరువాలో పట్టుచీరల కింద ఉంది. సంక్రాంతికి బావమరిది వచ్చే ముందురోజు దాన్ని తీసి స్లాటులో పెడతాడు. గాజు తలుపులోంచి రంగులన్నీ వెలుగుతాయి, తెర మీద పాస్‌వర్డ్ అడిగే పేజీ ఉంటుంది. భోగి నుంచి కనుమ దాకా ఆ పాస్‌వర్డ్ బాబాయికి గుర్తురాదు.

పండగకి ఆ ఇంటికి వెళ్లేవాళ్లుంటే గారెలు తినండి, లైట్లు బాగున్నాయనండి. మౌస్ మాత్రం ముట్టుకోకండి.