గొడ్డలికి సెలవు

బీదర్ సముద్ర మట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున ఉంది. బహమనీ సుల్తాను అహ్మద్ షా గుల్బర్గాను వదిలి రాజధానిని ఇక్కడికి తెచ్చుకున్నది ఈ చల్లగాలి కోసమేనంటారు. సుల్తానుకేం, పొద్దున్నే నీళ్లు కాచే మనుషులు వేరే ఉండేవాళ్లు. మా ఇంట్లో ఆ కొలువు నాది.

మాది రాగి బాయిలర్. దాని నడిమి గొట్టం ఇరుకు, లావు కట్టె దిగదు. కందికట్టె వేస్తే భగ్గుమని మండి, చెంబు నీళ్లు కాగకముందే బూడిదవుతుంది. తుమ్మ అయితే నిలిచి కాలుతుంది గానీ బొటనవేలంత పేళ్లుగా చీల్చాలి. చీల్చడమంటే ఎడమచేత్తో చెక్కను నిలబెట్టి, కుడిచేత్తో గొడ్డలి ఎత్తి, వేటు పడే లోపల ఎడమచేతిని లాగేసుకోవడం. ఈ పని నిద్రమత్తులో చేసేది కాదు. మత్తు వదలాలంటే స్నానం చేయాలి. స్నానానికి వేన్నీళ్లు కావాలి. వేన్నీళ్లకు పేళ్లు కావాలి!

మా వైపు మగవాళ్లకు గొడ్డలంటే మహా గౌరవం. మా బాబాయి వేలిమీది మచ్చ చూపించి, అది ఏ ఏటి సంక్రాంతికి పడిందో ఇప్పటికీ చెప్తాడు. అమ్మకు ఈ వీరగాథలు పట్టవు. కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతూ ఒకరోజు అడిగింది: "కత్తి కూసుంటది, కాయ దాని దగ్గరికొస్తది. నీ గొడ్డలికి కూసునుడు రాదారా?"

న్యూజీలాండ్‌లో ఐలా హచిన్‌సన్ అనే పదమూడేళ్ల పిల్లకు 2013లో వచ్చిన ఆలోచనా ఇదే. పేళ్లు చీలుస్తూ తల్లి వేలు కోసుకుంటే, బడిలో సైన్స్ ప్రదర్శన కోసం ఒక సాధనం చేసింది. ఇనప వలయం లోపల అంచు పైకి పెట్టి బిగించిన బ్లేడు, దానిమీద చెక్క, పైనుంచి సుత్తె దెబ్బ. అంతే. ఇప్పుడు దాన్ని పోతపోసి దేశదేశాల్లో అమ్ముతున్నారు. అమ్మకు చెప్తే, "పాపం, ఆళ్లింట్ల కత్తిపీట లేకపాయెనేమో" అంది.

కొనడం మా వంశంలో లేదు కాబట్టి గుజిరీ దుకాణానికి వెళ్లాను. లారీ కమాను కట్టలోని పట్టీ ముక్క, జానెడు వెడల్పు గొట్టంలోంచి కోసిన వలయం, అడుగున మందపాటి ఇనప పలక దొరికాయి. అతికించేటప్పుడే ఉంది తంటా. కమాను ఇనుము మొండిది. చల్లగా ఉన్నప్పుడు వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే పటుక్కున విరుగుతుంది. ముందు బాగా వేడిచేసి, అతికాక బూడిదలో కప్పి మెల్లగా చల్లారనివ్వాలి. అంచుకు క్షురకుడి పదును అక్కర్లేదు. ఇక్కడ పని కోయడం కాదు, చీల్చడం. వలయం ఎందుకంటే, చెక్క పక్కకు ఒరగదు, జారిన చెయ్యి అంచుమీద పడదు. మొత్తాన్ని బరువైన మొద్దుకు బోల్టులతో బిగించాం.

పనయ్యేలోపు సలహాలు నాలుగు భాషల్లో వచ్చాయి. బీదర్‌లో తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ అన్నీ ఉచితమే. పక్కింటి పెద్దాయన అతుకుల వైపు చాలాసేపు చూసి, "కోట మన్ను రాయి బాబూ, బిద్రీ పనితనమని అమ్ముకోవచ్చు" అన్నాడు. ఆ మన్నుకు నవాసాగరం కలిపి రాస్తే నల్లగా నిగనిగలాడేది జస్తు కలిసిన బిద్రీ లోహం. ఇనుముకు రాస్తే తుప్పే మిగులుతుంది. పెద్దాయనకు ఆ సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు కట్టెల కొలువు అమ్మది. కత్తిపీట మీద కూర్చునేవాళ్లకు దీనికి వేరే శిక్షణ అవసరం లేదంటుంది. చెక్క సగం చీలి ఇరుక్కుంటే, దానిమీద ఇంకో చెక్క పెట్టి కొడుతుంది. పాతది కిందికి దిగి రెండవుతుంది, చెయ్యి వలయం లోపలికి పోనే పోదు. బాబాయి మాత్రం ఇది ఆడవాళ్ల పనిముట్టని తీర్మానించి, వేలికి కట్టు మార్చుకున్నాడు.

చేయించుకోదలచిన వాళ్లకు రెండు మాటలు. ఇనప సుత్తె అంచుకు తగిలితే పెచ్చు లేచి కంట్లో పడుతుంది, కాబట్టి కొయ్యసుత్తె వాడండి, కళ్లద్దాలు పెట్టుకోండి. ముడి ఉన్న తుమ్మ మొద్దు మాత్రం పెట్టకండి. దాన్ని చీల్చడం దీనివల్ల కాదు, మా బాబాయి వల్లా కాదు.