8080 మీద కర్చీఫ్

“అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్” అని జావా అరిచినప్పుడల్లా నాకు పండగ ముందురోజు బస్టాండే గుర్తొస్తుంది. మా టెస్టులు విడివిడిగా నడిపితే బుద్ధిమంతులే. పది కలిపి వదిలామా, ప్రతిదీ తన కడుపులో ఓ టామ్‌క్యాట్‌ని లేపి, నాకు 8080 పోర్టే కావాలని భీష్మించుకుంటుంది. 65,535 సీట్లున్న బస్సు. అందరికీ ఆ ఒక్క కిటికీ సీటే కావాలి.

బిల్డ్ మెషీన్‌లో ఇంకో తమాషా. టెస్టులు నడపాల్సిన జెంకిన్స్ గారే 8080లో కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు. ఆయన పుట్టుకతో వచ్చిన పోర్టూ అదేనట. కండక్టరే సీటు ఆక్రమిస్తే ఎవరితో చెప్పుకోవాలి?

సరే, నా టెస్టును 8081కి మార్చాను. అదే తెలివి పక్క డెస్కు కుర్రాడికీ వచ్చింది. దాంతో కర్చీఫ్‌లు వేయడం మొదలైంది: ఎవరి పోర్టు ఏదో ఎక్సెల్ షీటులో రాసుకున్నాం. (ఇద్దరం ఒకేసారి తెరవబోతే, వేరొకరు వాడుతున్నారని ఆ షీటూ మొరాయించింది.)

ఆ తర్వాత నాలోని మేధావి నిద్రలేచాడు. ఖాళీ పోర్టు వెతికి, ఓసారి తెరిచి చూసి, మూసేసి, ఆ నంబరు సర్వర్ చేతిలో పెట్టే కోడు రాశాను. వారానికోసారి అదీ బోర్లా పడేది. కిటికీలోంచి ఖాళీ సీటు చూసుకుని, సామాను తెచ్చేలోపు అందులో ఓ పెద్దాయన పల్లీలు ఒలుచుకుంటూ కనిపిస్తాడే, అదన్నమాట. స్ప్రింగ్ వాళ్లు సైతం ఇలాంటి పనే చేసే సాకెట్‌యుటిల్స్‌ని 6.0లో తీసేశారని తెలిసి కాస్త ఊరట.

చివరికి మందు సున్నా. పోర్టు 0 అని ఇస్తే ఆపరేటింగ్ సిస్టమే ఏదో ఒక ఖాళీలో కూర్చోబెడుతుంది, లినక్స్‌లో మామూలుగా 32768కీ 60999కీ మధ్య. కూర్చున్నాక “నీ నంబరెంత నాయనా?” అని సర్వర్‌నే అడిగి టెస్టుకు చెప్పాలి.

అన్నీ మార్చాను, కంటపడని ఒక్కటి తప్ప. అందులో 8080 నేరుగా యూఆర్‌ఎల్‌లోనే ఉంది. బిల్డ్ మెషీన్‌లో అది ఎర్రగా ఏడ్చింది. అక్కడ పలికింది జెంకిన్స్ గారు, ముందు లాగిన్ అవ్వమన్నారు. నా ల్యాప్‌టాప్‌లో మాత్రం పచ్చగా పాసు. “నా దగ్గర పనిచేస్తోంది కదండీ!” అని మా లీడ్ ముందు గొంతు పెంచాను. ఆయన మాట్లాడకుండా నా కీబోర్డు తనవైపు లాక్కుని ఎల్‌ఎస్‌ఓఎఫ్ కొట్టారు. శుక్రవారం డీబగ్ చేస్తూ నేను వదిలేసిపోయిన పాత సర్వర్, మూడు రోజులుగా 8080లోనే కూర్చుని, అడిగినవాళ్లందరికీ శుక్రవారం నాటి కోడుతో ఓపిగ్గా జవాబులు చెబుతోంది.