40 నిమిషాల డాబు

పెళ్లి వీడియోలు తీసుకుని బతికే రోజుల్లో నా దగ్గర సోనీ పీడీ170 ఉండేది. డీఎస్ఆర్ అంటూ దాని అసలు పేరు ఇంకా పొడుగు గానీ, మా లైన్లో అంత ఓపిక ఎవరికీ లేదు. ‘వన్ సెవెంటీ’ అంటే చాలు, అవతలివాడు గౌరవంగా చూసేవాడు. 2003లో వచ్చిన మోడల్ అది. లోపల మూడు సీసీడీలు, ముందు రెండు ఎక్స్ఎల్ఆర్ మైకు సాకెట్లు, నలుపు తెలుపు వ్యూఫైండర్. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన మినీ డీవీ క్యాసెట్ మీద రికార్డయ్యేది. అప్పు చేసి కొన్నాను. ఆ అప్పు తీర్చడం వేరే కథ, ఇప్పుడొద్దు.

కెమెరాలో లోపమేమీ లేదు. ఉన్న లోపమల్లా సైజే. అంతకుముందు మేము భుజాన మోసిన వీహెచ్ఎస్ కెమెరాలు దూరం నుంచే కనబడేవి. వాటిని చూస్తే జనం పక్కకు జరిగి దారిచ్చేవాళ్లు. ఈ వన్ సెవెంటీ పట్టుకుని మండపం ఎక్కితే పెళ్లికూతురి మేనమామ ఎవరో వచ్చి, “ఏమయ్యా, ఇంత చిన్న కెమెరా తెచ్చావేంటి? పెద్దది లేదా?” అనేవాడు. ఆ మాట నాకు ఎక్కడో తగిలేది. నేను నేర్చుకున్న జవాబు ఒకటే: “చిన్నదే బాబాయ్ గారూ, కానీ ఇది డీవీక్యామ్. టీవీ చానెళ్ల వాళ్లు వాడేది.”

ఆయనకు డీవీక్యామ్ అంటే ఏమిటో తెలియదు. చెప్పిన నాకూ తెలియదు.

మెనూలో రికార్డింగ్ మోడ్ అని ఒక వరస ఉంటుంది. అందులో రెండే ఎంపికలు: డీవీక్యామ్, డీవీ ఎస్పీ. అదే క్యాసెట్ డీవీ ఎస్పీలో 60 నిమిషాలు వస్తుంది, డీవీక్యామ్‌లో 40. తక్కువసేపు వస్తోందంటే బొమ్మ బాగా వస్తుందనేగా అర్థం? వీహెచ్ఎస్‌లో అదే లెక్క. స్పీడు తగ్గించి ఎక్కువసేపు లాగితే బొమ్మ చెడిపోయేది. ఆ లెక్కే తెచ్చి దీనికీ అంటించాను. పైగా పార్టీ దగ్గర డీవీక్యామ్ రేటని కొంచెం ఎక్కువ తీసుకునేవాణ్ణి. మోసం చేస్తున్నానని అనుకోలేదు. నిజంగానే నమ్మాను, అందుకే ఇంకా సిగ్గు.

ఆ పెళ్లి మా గోదావరి వైపు ఒక ఊళ్లో. రాత్రి ముహూర్తం. గౌరీపూజ మొదలవగానే కొత్త క్యాసెట్ పెట్టాను. అక్కణ్ణుంచి బంధువుల పలకరింపులు, వంటశాల, పిల్లల గంతులు, ఏదీ వదల్లేదు. మధ్య మధ్య రికార్డింగ్ ఆపుకోవాలన్న బుద్ధి పుట్టలేదు. తెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతికిచ్చారు. వ్యూఫైండర్‌లో టేపు అయిపోతోందన్న గుర్తు మెరుస్తూనే ఉంది. ఒకటి రెండు నిమిషాలు ఉంటుందిలే అనుకున్నాను. సన్నాయివాళ్లు గట్టిమేళం ఎత్తుకున్నారు, కెమెరా ఆగిపోయింది.

ఈ కెమెరాలో టేపు మార్చడం ఎలా ఉంటుందో చెప్పాలి. ఎజెక్ట్ మీట లాగితే పక్క తలుపు తెరుచుకుంటుంది. లోపల టేపు డ్రమ్ము చుట్టూ చుట్టుకుని ఉంటుంది కదా, దాన్ని విప్పుకుని, క్యాసెట్‌ని గూట్లోకి తెచ్చి, ఆ గూడు గునుస్తూ పైకి లేస్తుంది. పాతది తీసి కొత్తది పెట్టి, సరిగ్గా గుర్తు వేసి ఉన్న చోటే నొక్కాలి. అది మళ్లీ తనంతట తాను కిందికి దిగేదాకా ఆగాలి. కంగారుపడి తలుపు మూశామా, ఇరుక్కుంటుంది. మామూలప్పుడు కొన్ని సెకన్ల పని. ఆ రాత్రి నా చేతులు వణికి, క్యాసెట్ ర్యాపర్ పంటితో చించాల్సొచ్చింది. తలెత్తేసరికి తెర లేదు, నెత్తిమీద చేతులూ లేవు. పంతులుగారు మంగళసూత్రం పళ్లెం అందుకుంటున్నారు.

తలంబ్రాలకు ముందు వధూవరులను బతిమాలాను. “ఒక్కసారి చేతులు పెట్టండమ్మా, వీడియో కోసం.” పంతులుగారు మొహం తిప్పుకున్నారు. పిల్లలిద్దరూ మంచివాళ్లు, నవ్వుతూ పెట్టారు. మిక్సింగ్‌లో ఆ ముక్కను దాని స్థానంలో అతికించాం. ఇక వీడియో వేసుకు చూసినప్పుడల్లా, జీలకర్ర బెల్లం పెట్టేటప్పటికే పెళ్లికూతురి మెడలో తాళి ఉంటుంది. ముందుగా పట్టుకున్నది వాళ్ల పెద్దమ్మగారు. ఆవిడ ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయను.

అప్పుడైనా బుద్ధి రాలేదు. వచ్చింది మిక్సింగ్ గదిలో. నా టేపులన్నీ ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించే కుర్రాడు ఒకరోజు, “అన్నా, నువ్వు డీవీక్యామ్ అని 40 నిమిషాలకే ఎందుకు మారుస్తావు?” అన్నాడు. క్వాలిటీ అన్నాను. వాడు నవ్వలేదు. స్క్రీన్ మీద రెండు ఫైళ్లు చూపించాడు. గంట డీవీ ఎస్పీ టేపు 13 జీబీ దాకా ఉంది. నా డీవీక్యామ్ టేపు 9 జీబీ లోపు. “నిమిషానికి ఎంత పడిందో చూసుకో అన్నా.” చూసుకున్నాను. రెండూ ఒకటే.

ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. 1995లో వచ్చిన డీవీకైనా, 1996లో సోనీ తెచ్చిన డీవీక్యామ్‌కైనా వీడియో డేటా సెకనుకు 25 మెగాబిట్లే. మన పాల్ పద్ధతిలో రెండింటిలోనూ 720 బై 576 బొమ్మే. తేడా అంతా టేపు మీద రాసే గీత వెడల్పులో ఉంది. డీవీలో గీత 10 మైక్రాన్లు, డీవీక్యామ్‌లో 15. గీత వెడల్పు కావాలంటే టేపు వేగంగా జరగాలి. అందుకే 60 నిమిషాలు 40 అయ్యాయి. గీత వెడల్పుగా ఉంటే వేరే కెమెరాలో వేసినా చక్కగా చదువుతుంది, చాలాకాలం తర్వాత తీసినా గళ్లు గళ్లుగా విరిగిపోయే అవకాశం తగ్గుతుంది. అంటే డీవీక్యామ్ ఇచ్చేది అందం కాదు, మన్నిక.

అసలు తెలివితక్కువతనం ఇక్కడుంది. మన్నిక కోసం క్యాసెట్‌లో మూడో వంతు వదులుకున్నవాణ్ణి, ఆ క్యాసెట్లను ఏం చేశాను? డీవీడీ చేతికిచ్చి, మిగతా డబ్బు తీసుకుని, అవే క్యాసెట్ల మీద ఇంకో పెళ్లి రికార్డు చేశాను. కొత్త టేపు ఖర్చు మిగులుతుందని. అందరూ చేసేవాళ్లు, నేనూ చేశాను. కొన్నేళ్లకు ఒక తండ్రి వచ్చాడు. డీవీడీ గీతలు పడి ఆగిపోతోందట, అసలు టేపు ఉంటే ఇంకో కాపీ చేసిపెట్టమన్నాడు. ఆయన భార్య అప్పటికి లేదు, ఆవిడ నడిచి తిరిగిన వీడియో అదొక్కటే. ఆ టేపు మీద అప్పటికి వేరేవాళ్ల ఇంటి గృహప్రవేశం ఉంది. ఆయన నన్ను ఏమీ అనలేదు. “అయ్యో, ముందే అడగాల్సింది” అని తననే తప్పుపట్టుకుని వెళ్లాడు.

దీనికంతా కెమెరాను తిట్టలేను. దీని అన్న పీడీ150తో దర్శకుడు డేవిడ్ లించ్ మూడు గంటల సినిమా ‘ఇన్‌ల్యాండ్ ఎంపైర్’ తీసి 2006లో వెనిస్‌లో చూపించాడు. మరో దర్శకుడు డానీ బాయిల్ ‘28 డేస్ లేటర్’లో చాలా భాగం కెనన్ ఎక్స్ఎల్1 మీద, ఇదే మినీ డీవీ టేపు మీద తీశాడు. సరుకు అదే. నేను మాత్రం మాన్యువల్ పుస్తకం కూడా తిరగెయ్యకుండా పెళ్లిళ్లు ఒప్పుకున్నాను.

మీ ఇంటి బీరువాలోనో, మీ ఊరి పాత స్టూడియోలోనో మినీ డీవీ క్యాసెట్లు ఉంటే ఈ ఏడాదే బయటికి తీయండి. అవి ఆడే కెమెరాలు తగ్గిపోతున్నాయి, కొత్త కంప్యూటర్లలో ఫైర్‌వైర్ సాకెట్ రావడం లేదు. డీవీక్యామ్‌లో తీసినవైతే మామూలు హ్యాండీక్యామ్‌లు అన్నీ వాటిని చదవవు, పీడీ150, పీడీ170 లాంటివి కావాలి. ఎక్కించేవాణ్ణి ఎంపీ4 ఒక్కటే ఇచ్చి సరిపెట్టనివ్వకండి. టేపులో ఉన్నది ఉన్నట్టుగా డీవీ ఫైలు కూడా అడగండి, గంటకు 13 జీబీ అయినా సరే. పని అయ్యాక క్యాసెట్లు మాత్రం మీరే తెచ్చుకోండి. స్టూడియోలో వదిలెయ్యకండి.