‘ఏమీ తేవద్దు’: తాళింపు వ్యాఖ్యా సహితము

మూలము

“పండక్కి పొద్దుండగానే వచ్చెయ్యండి వదినా. నలుగురం కలిసి వండుకుందాం. ఏమీ తేవద్దు. అన్నయ్యగారిని కూడా ఒక చెయ్యి వెయ్యమనండి.”

అవతారిక

కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిపెట్టిన మల్లినాథ సూరి మన మెదకు సీమలోని కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. ఆయన చేతికొచ్చినవి మహాకావ్యాలు గనుక ప్రతిజ్ఞ చెల్లింది. మన చేతికొచ్చింది ఫోనులో పిలుపు. పిలుపుల్లో చెప్పింది పిసరంత, చెప్పనిది పుట్టెడు. ఆ పుట్టెడూ కొలవకపోతే పండగపూట చేతులూపుకుంటూ ఒకరి గుమ్మం ఎక్కవలసి వస్తుంది. కావున ఈ తాళింపు అను వ్యాఖ్య.

వక్త చింతూరు ఆడపడుచు, ఎర్రబోరు కోడలు, వ్యాఖ్యాతకు చెల్లెమ్మ వరస. శ్రోత వ్యాఖ్యాతగారి ఇల్లాలు. పుట్టిల్లు చింతూరే, కాపురం భద్రాచలం. ఎర్రబోరు బస్తరు దక్షిణపు కొసన, సుక్మా జిల్లాలో, దోర్నపాలుకూ కుంటకూ నడుమ 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో మొదలై విజయవాడ పక్క ఇబ్రహీంపట్నంలో ఆగే రోడ్డది. 2014లో చింతూరు వైపు మండలాలు ఆంధ్రలో కలిసిన దగ్గర్నుంచి, మన అరిసెల డబ్బా తెలంగాణలో మూత పెట్టించుకుని, ఆంధ్ర గుండా ఊగుతూ పోయి, ఛత్తీస్‌గఢ్‌లో మూత తీయించుకుంటోంది. దారిలో రాష్ట్రం ఎక్కడ మారిందో బోర్డులు చదివితే తప్ప తెలియదు. బజారులో మాత్రం ఆ కొసదాకా తెలుగు చెల్లుతుంది.

పాఠాంతరం

నడుమ సిగ్నలు తెగడంవల్ల ‘ఏమీ తేవద్దు’ అన్నచోట ‘ఏమైనా తే’ అని వ్యాఖ్యాతకూ, ‘మామిడి తేవద్దు’ అని ఆయన కొడుక్కూ వినబడింది. సంక్రాంతికి మామిడికాయ ఎక్కడిది? రెండో పాఠం అసంభవం. మొదటిది అర్థానికి దగ్గరే గాని ఆధారం లేదు. ఫోను చెవికి ఆనించుకున్నది ఇల్లాలు గనుక ఆమె పాఠమే ప్రమాణం. ఇతర విషయాల్లోనూ అంతే.

ప్రతిపదార్థము

వదినా = ఓ వదినా (నెత్తురు చుట్టరికం కాదు, ఒకే వీధిలో పెరిగిన వరస); పండక్కి = సంక్రాంతికి; పొద్దుండగానే = సూర్యుడు కనబడుతూండగానే; వచ్చెయ్యండి = బయల్దేరి, చేరి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి రండి; నలుగురం = రెండు జంటలం; కలిసి = ఒకరికొకరం అడ్డం వస్తూ; వండుకుందాం = నేను వండుతాను, మీరు చూద్దురుగాని; ఏమీ = కూర, పులుసు మొదలగునవి; తేవద్దు = తక్కినవి తెండి; అన్నయ్యగారిని కూడా = మీ ఆయనను సైతం; ఒక చెయ్యి = ఏదో ఒక చెయ్యి (రెండోది ఫోను పట్టుకుని ఉంటుంది గనుక); వెయ్యమనండి = మా మాటగా చెప్పండి.

తాత్పర్యము స్పష్టము. స్పష్టం కానివి మూడు నాలుగు ఉన్నాయి.

‘పొద్దుండగానే’

ఈ మాటకు విస్తారం అక్కరలేదు. పుష్యమాసంలో ఆరు కొట్టేసరికి చీకటి, వెనకాలే అడవి చలి. ఇంకో కారణం ఉంది. ఎర్రబోరు పేరు దేశమంతా విన్నది 2006 జులైలో, అక్కడి సహాయ శిబిరం మీద రాత్రిపూట దాడి జరిగి ఎంతోమంది ప్రాణాలు పోయినప్పుడు. చీకటి పడ్డాక ఆ రోడ్డెక్కడానికి జనం జంకిన ఏళ్ళున్నాయి. బండ్లు తిరిగే రోజులొచ్చినా పిలుపుల్లో ఆ మాట మిగిలిపోయింది. ఇచ్చట వ్యాఖ్యాత పరిహాసం మాని ముందుకు సాగుతున్నాడు.

‘ఏమీ తేవద్దు’

శంక: ఇది నిషేధవాక్యం కదా, దానికి వ్యాఖ్య దేనికి?

సమాధానం: నిషేధమే అయితే పాటించినవారికి మెప్పు రావాలి. ఏమీ తేకుండా వెళ్ళి మెప్పు పొందిన చుట్టం తెలుగు నేలమీద ఇంకా పుట్టలేదు. కాబట్టి మీమాంసకుల లెక్కలో ఇది నిషేధం కాదు, అర్థవాదం. ఇల్లుగలామె తన ఇంటి నిండుతనాన్ని తనే పొగుడుకునే మాట. పొగుడుకోనివ్వాలి.

మరి అర్థం ఎలా తేలుతుంది? కుంట శబరి మీద ఉందంటే ఊరు నీళ్ళమీద తేలుతోందని కాదు, ఒడ్డున ఉందని. దీన్ని ఆలంకారికులు లక్షణ అన్నారు. వారి పుస్తకాల్లో నది గంగ, ఊరు గొల్లపల్లె, అంతే తేడా. ‘ఏమీ’ అన్నచోట కూడా ముఖ్యార్థం పొసగదు గనుక పక్కకు జరిగి ‘వండిన కూర’ అన్న అర్థం చెప్పుకోవాలి. వండిన కూర మోసుకుపోతే మీ ఇంట్లో నాకు తినబుద్ధి కాదని గిన్నెలో పెట్టి ఇచ్చినట్టు. తీపి అలా కాదు. అరిసెలు, సున్నుండలు ఎన్నయినా తీసుకుపోవచ్చు. ఊరగాయ పోవచ్చు. నెయ్యి పోవచ్చు, పైగా సీసా ఎదురొచ్చి పుచ్చుకుంటారు. పళ్ళు మధ్యస్థం: తెస్తే సంతోషం, తేకపోతే ఎవరూ అడగరు. చింతపండు మాత్రం వద్దు. దేశంలోని పెద్ద చింతపండు అంగళ్ళలో ఒకటి జగదల్‌పుర్‌లో ఉండగా, బస్తరుకు భద్రాచలం నుంచి చింతపండు పట్టుకుపోవడం ఇల్లుగలామెను నవ్వించడానికే పనికొస్తుంది.

ఇలా తలా ఒకటి పట్టుకెళ్ళడాన్ని అమెరికా తెలుగువాళ్ళు పాట్‌లక్ అంటారు. ఎవరు పప్పు, ఎవరు పెరుగన్నం అన్నది ముందే చీటీ రాసి పంపుకుంటారు. అక్కడ వ్యాఖ్యాతలకు పని లేదు. ఏ ఇంటి డబ్బా ఆ ఇంటికి ఖాళీగా తిరిగిపోతుందని కూడా విన్నాం. ఎర్రబోరులో అది జరగదు. అరిసెలతో వెళ్ళిన డబ్బాలో తిరుగు ప్రయాణంలో ఏముంటుందన్నది మూత బరువునుబట్టి ఊహించుకోవాలి గాని అక్కడే తీసి చూడరాదు.

‘కలిసి వండుకుందాం’

ఈ వ్యాఖ్యకు ప్రాణమిక్కడే ఉంది. శంక: పొయ్యిలు రెండు, ఒకటి గ్యాసు, ఒకటి పెరట్లో కట్టెలది. వండేవారు నలుగురు. ఉప్పు డబ్బా ఒకటి. అధికారి ఎవరు?

బియ్యంతో మొదలుపెడదాం. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్ కా కటోరా అంటారు. సంక్రాంతికి ఆ గిన్నె నిండా కొత్త బియ్యమే. కొత్త గింజ తక్కువ నీళ్ళకే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటుంది. పాతబడే కొద్దీ గట్టిపడి, ఎక్కువ నీళ్ళు తాగి, మెతుకు మెతుకుగా విడుతుంది. ఎర్రబోరు చేరాక మా ఇల్లాలు పులిహోర చేస్తానంది. చెల్లెమ్మ కొత్త బియ్యం బస్తా విప్పింది. ఇద్దరూ బస్తా వంక చూశారు, ఒకరి వంక ఒకరు చూడలేదు. కొత్త బియ్యంతో పులిహోర చేస్తే చింతపండు ముద్ద వస్తుంది. కాదంటే ఇంటి పంటను కాదన్నట్టు. ఈ చిక్కును విప్పింది చెల్లెమ్మ భర్త, మా బావగారు. కొత్త బియ్యం పరమాన్నానికి, రేషను బియ్యం పులిహోరకు అన్నారు. శాస్త్రంలో దీన్ని విషయవిభాగం అంటారు: రెండు విధులు ఢీకొన్నప్పుడు దేని చోటు దానికి చూపించడం. ఆ ఇంట అన్ని తగవులూ ఆయన ఇలాగే తీరుస్తారనీ, అందుకే ఏ తగవులోనూ గెలవరనీ చెల్లెమ్మ టీక.

పరమాన్నంలో పాలు విరగనివ్వకుండా బెల్లం పాకం దించాక పోయాలా, సెగ తగ్గించి పోయాలా అన్నదాంట్లో రెండు సంప్రదాయాలున్నాయి. దించాకే పోశారు.

నాటుకోడి కట్టెల పొయ్యి మీదికెక్కింది. మా వైపు గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వెయ్యందే అది కూర కాదు. అక్కడ అల్లం, వెల్లుల్లి, మిరప, సన్న సెగ, ఓపిక. వ్యాఖ్యాత గసగసాల పొట్లం జేబులో వేసుకుని వెళ్ళాడు. ఇల్లాలు చూసి కళ్ళతోనే వారించింది. పొట్లం జేబులోనే తిరిగొచ్చింది. కూరకు ఏ లోటూ రాలేదని ఒప్పుకోవాలి.

పులుపు దగ్గర అసలు సంగతి తేలింది. పులిహోరకు పులుపు ఎక్కువా తక్కువా అని వదినామరదళ్ళు తేల్చుకుంటూండగా బావగారు చిన్న గిన్నెలో చాపడా తెచ్చి పెట్టారు. ఆకులు కలిపి కుట్టి చెట్లమీద గూడు కట్టుకునే ఎర్రచీమల పచ్చడి అది. గుడ్లతో సహా మిరప, వెల్లుల్లి, ఉప్పు చేర్చి నూరతారు. పులుపు చీమలదే, ఫార్మిక్ ఆమ్లం చలవ. ఒడిశాలో మయూర్‌భంజ్ వాళ్ళ ఎర్రచీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బస్తరు వాళ్ళు గుర్తింపు కోసం చూడకుండా తినేస్తున్నారు. వ్యాఖ్యాత వేలి కొసన నాకి చూసి, షడ్రసాల్లో ఆమ్లానికి కొత్త ఉదాహరణ దొరికిందన్నాడు. ఇల్లాలు ఏమీ అనలేదు. కాసేపటికి అన్నం లేకుండానే రెండోసారి వేలు ముంచింది.

ఇక ఉప్పు. ముగ్గురు రుచి చూసి మూడు మాటలన్నారు: చాలదు, సరిపోయింది, ఇంకాస్త. చెల్లెమ్మ రుచి చూడనే లేదు. వాసన చూసి, చిటికెడు వేసి, మూత పెట్టింది. ఇందుచేత సిద్ధాంతం: ‘కలిసి’ అన్న మాట కొయ్యడం, నూరడం, కలపడం, మెచ్చుకోవడం వరకే, ఉప్పు ఇల్లుగలామెది. ఆ చిటికెడును ఆమె చేతికి వదిలితేనే వచ్చే ఏడు మళ్ళీ పిలుపు. కనుమనాడు వాళ్ళు మా ఇంటికొస్తే చిటికెడు చేతులు మారుతుంది.

‘ఒక చెయ్యి వెయ్యమనండి’

కొందరు ఇక్కడ చెయ్యి అంటే సాయం అని సరిపెడతారు. అది చాలదు. ఉల్లిపాయలు తరగడానికి పూనుకున్న వ్యాఖ్యాతకు మొదట కత్తిపీట ఇచ్చి, రెండు పాయల తరువాత మాటల్లేకుండా తీసేసుకున్నారు. చేతిలో అడ్డాకుల కట్ట పెట్టి అరుగు చూపించారు.

అడ్డాకు చెట్టుది కాదు, చెట్లకు అల్లుకుపోయే పెద్ద తీగది. ఒడిశాలో సియాలి అంటారు. ఆకు రెండు తమ్మెలుగా అరచేతికి మించి ఉంటుంది, నూనె కూర పోసినా కారదు. ఈనెపుల్లలు చీల్చి, ఆకు మీద ఆకు అతికి, గుండ్రంగా కుడితే విస్తరి. బావగారి విస్తరి నున్నగా పళ్ళెంలా వచ్చింది. వ్యాఖ్యాత కుట్టినది ఏ రాష్ట్రపు పటాన్నో పోలింది. దాని సరిహద్దుల గుండా పులుసు వలస పోయింది. ఎవరికి వడ్డించాలా అని కాసేపు మీమాంస జరిగింది. కుట్టినవారికే వడ్డించారు.

గద్య

ఇది శ్రీమద్భద్రాచల వాస్తవ్య, పలాండు ఖండనారంభ మాత్ర విశారద, అడ్డాకు సీవన కళా విద్యార్థి, చాపడా రసాస్వాదన జనిత నేత్రాంబు బిందు సందోహ, భోజనానంతర పాత్ర ప్రక్షాళన నిమిత్త బావగారి సమేత పెరటి నూతిగట్టు నివాస, నామధేయ ప్రకటన విముఖ గృహస్థ ప్రణీతంబైన తాళింపు అను వ్యాఖ్యయందు సర్వంబును, మాడిన పరమాన్నపు గిన్నె ఒక్కటి దక్క, సమాప్తము.